గుడ్ల మీదున్న కోడి

అది పెద్ద వరద తర్వాత ఏడో ఏడు. ఆ ఏడు వచ్చినదాన్ని మావాళ్ళు చిన్న వరద అంటారు. చిన్నదే. ఒడ్డున ఒక్క గోడ కూలలేదు, ఒక్క గొడ్డు కొట్టుకుపోలేదు. మనిషిని మాత్రం ఒక్కణ్ణి తీసుకుపోయింది.

నాది ఎత్తు మీది ఊరు. రాయి కొట్టే పని. రాయి కొట్టేవాడు తల ఎత్తడు. ఎత్తితే సుత్తి వేలి మీద పడుతుంది. అందుకని పైన ఏముందో నాకు పెద్దగా తెలియదు. రాతి గని మూసేశాక మా ఆవిడ పుట్టింటివైపు వచ్చేశాను. వాళ్ళది ఏటి పని.

ఏటి పని అంటే ఇది. ఎండాకాలం ఏరు సన్నబడి మధ్యలో ఇసుక దిబ్బలు తేలతాయి. తేలగానే పడవల్లో వెళ్ళి వాటి మీద పాకలు వేసుకుంటారు. ఇసుకలో గుంటలు తీసి, ఎరువు పోసి, పుచ్చవిత్తులు పెడతారు. నీళ్ళు మళ్ళీ వచ్చేలోపు కాయ కోసుకుని, పాక విప్పుకుని, ఒడ్డెక్కాలి. వారం ముందొస్తే కాయ పోతుంది. పూట ఆలస్యమైతే మనిషి పోతాడు.

ఎప్పుడు ఒడ్డెక్కాలో చెప్పేది మా మామ. ఆయన్ని అందరూ చుక్కలాయన అనేవారు. ఆయన కనిపెట్టి చూసేది ఒక్క గుంపునే. పిల్లలకోడి అంటారు దాన్ని. చిన్న చిన్న చుక్కలు ముద్దగా, తల్లి రెక్క కింద పిల్లలు చేరినట్టుంటాయి. చలికాలంలో పొద్దుగూకేసరికి నడినెత్తిన ఉంటుంది. అక్కణ్ణుంచి రోజురోజుకీ పడమటికి జారుతుంది. ఎండలు ముదిరేసరికి పొద్దు వెనకాలే గూట్లోకి దిగిపోతుంది. ఇక కొన్నాళ్ళు ఆకాశంలో ఎక్కడా కనపడదు. అప్పుడు కోడి గుడ్ల మీద ఉందంటారు. మళ్ళీ ఒకనాడు తెల్లవారుజామున, పొద్దుకంటే ముందు, తూర్పున పిల్లలతో లేస్తుంది. అది లేచాక నీళ్ళు ఎప్పుడైనా రావచ్చు. మామ “కోడి లేచింది” అని కేకేసి రేకు డబ్బా మీద కొడితే, పైదిబ్బ, మా దిబ్బ, కిందిదిబ్బ, అన్నీ ఖాళీ.

దీనికొక కట్టుబాటుంది. కోడి గుడ్ల మీదున్నన్నాళ్ళూ తెల్లవారుజామున మామ తప్ప ఇంకెవరూ తూర్పు చూడకూడదు. పొదిగే కోడిని పదిమంది తొంగి చూస్తే గుడ్లు మురిగిపోతాయి కదా, అలాగన్నమాట. మామ వాళ్ళ నాన్న పెట్టాడట. పదిమంది చూస్తే పది మాటలొస్తాయి, ఒకడు లేచిందంటాడు, ఒకడు లేదంటాడు, ఈలోగా నీళ్ళొస్తాయి. అందుకే పెట్టి ఉంటాడని నాకు తర్వాత అనిపించింది. కానీ అలా చెబితే ఎవరు వింటారు? గుడ్లు మురుగుతాయంటే వింటారు. ఆ రోజుల్లో మంచాలన్నీ తలగడ తూర్పుకి పెట్టి వేసేవాళ్ళు. లేచి కూర్చుంటే ముఖం పడమటికే ఉండేది. వీపు వెనకాల ఏం లేస్తోందో తెలియకుండా ముఖం కడుక్కుని పనిలోకి దిగేవాళ్ళం.

మా బావమరిదిని గిలక అని పిలిచేవారు. బావి మీద గిలకలా వాడి నోరు ఆగదు కాబట్టి. వాడొక్కడే ఈ కట్టుబాటు మీద జోకులేసేవాడు.

“బావా, పైకి చూడు. ఉత్తరాన మంచం కోళ్ళు. తూర్పున పిల్లలకోడి. ఆకాశం నిండా కోళ్ళే. ఒక్క గుడ్డు కింద పడితే ఒట్టు.”

ఉత్తరాన నాలుగు చుక్కలు మంచానికి నాలుగు కోళ్ళలా ఉంటాయి. పక్కన మూడు చుక్కలు, ఆ మంచాన్ని ఎత్తుకుపోయే దొంగలు. ఏడాది పొడుగునా తిప్పుతూనే ఉంటారు, ఎక్కడా దింపరు. ఆ సంగతి నాకు చెప్పింది గిలకే.

“మా నాన్నా చుక్కల మనిషే, నేనూ చుక్కల మనిషినే” అనేవాడు. “ఆయన పైకి చూస్తాడు, నేను సీసాలోకి చూస్తాను. అంతే తేడా.”

“నోర్ముయ్యరా, అల్లుడి ముందు” అనేది మా అత్త. అని నవ్వేది.

ఆ ఏడు కాయ బాగా పట్టింది. చేతులు చాచి కావలించుకోవలసినంత కాయ. కోడి ఎప్పటిలాగే పడమట దిగిపోయింది. మంచాలు తిప్పాం. మామ రోజూ చీకటుండగానే లేచి దిబ్బ తూర్పు కొసకి వెళ్ళి నిలబడేవాడు. తిరిగొచ్చి, అడక్కుండానే, “ఇంకా గుడ్ల మీదే ఉంది” అనేవాడు. అత్త పొయ్యి ముట్టించేది. మేం కాయలు కోసేవాళ్ళం.

నా పాకకి దక్షిణం వైపు తడిక లేదు. పడుకుంటే ఆ వైపు ఆకాశం కనపడేది. ఆ ఎండాకాలం మొదట్లో మా ఆవిడ దీపం ఆర్పేవేళకి అక్కడ తేలు ఆకారంలో చుక్కలు ఇసుక అంచు మీద తల పెట్టేవి. తలకింద ఒక ఎర్ర చుక్క. అది తేలు గుండె అని మామ చెప్పాడు.

“ఏ చుక్కయినా రోజూ కాస్త ముందొస్తుంది అల్లుడూ. చుట్ట అంటించి రెండు దమ్ములు లాగేంత ముందు. అంతే.”

“అంతేనా?”

“అంతేనా అంటావేంటి? దమ్ము మీద దమ్ము పడి నెల తిరిగేసరికి ఒక జాముకి దగ్గరవుతుంది. చుట్ట అయిపోతుంది. ఎండాకాలమూ అయిపోతుంది.”

ఆ మాట నాకు గుర్తుండిపోయింది. రాతి పనిలోనూ అంతే. రాయి ఒక్క దెబ్బకి పగలదు. ప్రతి దెబ్బా లోపల కొంచెం కొంచెం పని చేసుకుపోతుంది. చివరి దెబ్బ దాకా పైకేమీ కనపడదు.

అలా ఉండగా ఒక సాయంత్రం అన్నం ముందు కూర్చుంటే తేలు అప్పటికే లేచి ఉంది. దీపం ఆర్పడం మాట అటుంచి, ఇంకా వెలిగించనేలేదు. ఇదేంటి ఇంత ముందొచ్చింది, మరి కోడి ఇంకా లేవలేదా అనుకున్నాను. పైకి అనలేదు. నేను మాటల మనిషిని కాను. మామ ఆ పొద్దున కూడా ఇంకా గుడ్ల మీదే ఉందన్నాడు.

మర్నాడు చీమలు కనపడ్డాయి. ఇసుక మీద బారు కట్టి, తెల్ల గుడ్లు నోట కరుచుకుని, మంచం కోడు పట్టుకుని పైకెక్కుతున్నాయి. దిబ్బ మీద అంతకంటే ఎత్తు లేదు మరి. అత్త చీపురుతో ఊడ్చింది. మళ్ళీ ఎక్కాయి. ఏటి అంచున రోజూ నిలబడే కొంగలు ఆ రోజు లేవు. నీళ్ళు మాత్రం అద్దంలా ఉన్నాయి. ఆకాశంలో దూదంత మబ్బు లేదు. వాన చుక్క పడలేదు.

ఆ రోజే మా ఆవిడ కాయలు అందిస్తూ అంది. “ఇదిగో, నీతో ఒక మాట.”

“చెప్పు.”

“ఎవరితోనూ అనకు.”

“నేనెవరితో ఏం అన్నాను ఇప్పటిదాకా?”

“అందుకే నీతో చెబుతున్నా.” చేతిలో కాయ దింపి అటూ ఇటూ చూసింది. “నేను తూర్పు చూశాను.”



“కావాలని కాదు. పొద్దున్నే పడవ తాడు జారితే కట్టడానికి వెళ్ళా. నీళ్ళల్లో కనపడింది. తల ఎత్తితే పైన ఉంది. కోడి. పిల్లలతో.”

“ఈ రోజా?”

“మొన్న. నిన్న మళ్ళీ చూశా, కళ్ళు మోసం చేశాయేమోనని. ఈ రోజూ చూశా. రోజురోజుకీ పైకొస్తోంది. నాన్న అక్కడే నిలబడి ఉన్నాడు. సరిగ్గా దాని ఎదురుగా. కళ్ళు చికిలించి చూసి చూసి, వెనక్కి తిరిగి, ఇంకా లేవలేదన్నాడు.”

కాయ మళ్ళీ ఎత్తి నా వైపు చాచింది.

“నాన్నకి కనపట్లేదు” అంది. “నేను చెబితే గుడ్లు మురగబెట్టావంటాడు.”

“నేను చెబితే అల్లుడు మామని గుడ్డివాణ్ణి చేశాడంటారు.”

“అయితే ఏం చేద్దాం?”

నేను కాయ తీసుకుని పడవలో పెట్టాను. ఇంకొకటి పెట్టాను. తర్వాత చెప్పాను. “సాయంత్రం చూస్తా.”

సాయంత్రం మామ దిబ్బ కొసన కూర్చుని మోకు పేనుతున్నాడు. చేతులు వాటంతట అవే పని చేసుకుపోతున్నాయి, కళ్ళు వాటికి అక్కర్లేదు. పక్కన కూర్చున్నాను. అడిగితే ఏ చుక్క ఎక్కడుందో తడుముకోకుండా చెబుతాడు. యాభై ఏళ్ళు చూసినవాడు, కళ్ళు మూసుకున్నా చెబుతాడు. అందుకని ఉన్నదాన్ని అడిగి లాభం లేదు. లేనిదాన్ని అడిగాను.

“మామా, తేలు తలకి ఇవతల ఆ కొత్త చుక్క ఏంటి? అంత పెద్దగా ఉంది?”

ఆయన తలెత్తి చూశాడు. కాసేపు చూశాడు.

“అదా” అన్నాడు. “అది అప్పుడప్పుడు వస్తుందిలే. నాలుగు రోజులుండి పోతుంది.”

నేను ఊరుకున్నాను. మామూలుగా కూడా నేను ఊరుకునేవాణ్ణే. కానీ ఆ ఊరుకోవడం వేరని ఆయనకి తెలిసింది. మోకు మీద చేతులు ఆగిపోయాయి.

“అక్కడ చుక్క లేదు కదూ” అన్నాడు.

“లేదు మామా.”

ఏరు చప్పుడు చేయకుండా పోతోంది. మామ మోకు కొస వేలికి చుట్టుకున్నాడు.

“కంట్లో పొర. నిరుడే మొదలైంది. పెద్దవి కనపడతాయి, చెదిరి. కోడి మాత్రం, ఉన్నచోట పొగలా కూడా లేదు. నిరుడు లెక్క కట్టి చెప్పాను, చూసి కాదు. ముందు చెప్పాను. అందరం ఒడ్డున కూర్చుంటే దిబ్బ మీద కాయ పండి పగిలి నక్కల పాలైంది. నీళ్ళు చూస్తే ఎప్పటికో వచ్చాయి. ఎవరైనా ఒక్క మాట అన్నారా నన్ను? అనలేదు. తిట్టినా బాగుండేది.”

“అందుకని ఈ ఏడు…”

“ఈ ఏడు కళ్ళతో చూశాకే చెబుదామని ఆగాను.” మోకు పక్కన పెట్టాడు. “లేచిందా?”

“మూడు రోజులైంది.”

మామ కింద ఇసుక మీద అరచెయ్యి ఆనించాడు. ఎవరి గుండె మీదో పెట్టినట్టు. ఎవరు చూశారని అడగలేదు. తెలుసనుకుంటాను.

“రేపు పొద్దున నా పక్కన నిలబడు. కోడి కనపడగానే నా చెయ్యి నొక్కు. చాలు. కేక నేనే వేస్తా.” నా వైపు వంగి అన్నాడు. “ఇది ఇక్కడే ఉండాలి అల్లుడూ. గిలక దాకా కూడా పోకూడదు. వాడి నోట్లో పడితే అవతలి ఒడ్డుకి ఈదుకుంటూ పోతుంది.”

“పోదు” అన్నాను.

తెల్లవారుజామున ఇద్దరం నిలబడ్డాం. తూర్పున ఇసుక అంచు బూడిదరంగులోకి వస్తోంది. కోడి లేచే ఉంది. నేను దాన్ని అంత పరీక్షగా చూడడం అదే మొదలు. ఊరికే చూస్తే చిన్న మసక. నిలిపి చూస్తే పిల్లలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ముచ్చటగా ఉండవలసిన చుక్కలు. మామ చెయ్యి చల్లగా ఉంది. నొక్కాను.

ఆయన గుండెనిండా ఊపిరి తీసుకుని అరిచాడు. “కోడి లేచిందీ!”

డబ్బా మోగింది. పైదిబ్బ నుంచి మారు కేక వచ్చింది. కిందిదిబ్బ నుంచి కాస్త ఆలస్యంగా వచ్చింది, ఎవరో నవ్వినట్టు కూడా వినపడింది. కానీ కదిలారు. కట్టుబాటు కట్టుబాటే. మధ్యాహ్నానికి మూడు దిబ్బల మనుషులూ ఒడ్డెక్కారు. పాకలు విప్పి, మంచాలు ఒకదాని మీద ఒకటి బోర్లించి, కుండలు, కోసినంత కాయ, అన్నీ రేవు వెనక సందులో ఉన్న మా రేకుల ఇంటికి చేరేశాం. ఇల్లు మూసి ఉండి మట్టి వాసన వేసింది. అత్త తలుపులు తెరిచి, కిటికీలో గూడు కట్టిన పిచ్చుకని తిట్టి, ఊడవడం మొదలెట్టింది. మంచాలు అలవాటు కొద్దీ తలగడ తూర్పుకే పడ్డాయి. మా ఆవిడ వంటింట్లో బాన కడుగుతోంది. నా వంక ఒక్కసారి చూసింది. అదొక్కటే.

ఎండ దంచుతోంది. మబ్బు లేదు. ఏరు అలాగే ఉంది. సగం కాయ దిబ్బ మీదే ఉంది, ఒడ్డు నుంచి చూస్తే పచ్చగా కనపడుతోంది.

రేవులో కిందిదిబ్బ పడవాయన చుట్ట కాలుస్తూ అన్నాడు. “చుక్కలాయనా, నీ కోడి నిరుడూ ఇలాగే లేచింది. మళ్ళీ పడుకుందేమో ఒకసారి చూసి రారాదూ?”

అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. ఏటివైపు ముఖం పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. గిలకకి ఆ నవ్వు మింగుడుపడలేదు. తండ్రి మీద వాడు జోకులేయచ్చు, ఇంకొకడు వేస్తే ఊరుకోడు. పొద్దు వాలేవేళకి పడవ తాడు విప్పడం మొదలెట్టాడు.

“ఎక్కడికిరా?” అన్నాడు మామ, చప్పుడు విని.

“ఒక్క పడవ కాయ తెస్తా. పండినవి వరకూ. మన కాయ మనం తెచ్చుకుంటే ఎవడి నోరూ లేవదు.”

“వద్దు. కోడి లేచింది.”

“నాన్నా, లేచిన కోడి వేరు, నువ్వు తన్ని లేపిన కోడి వేరు. నిరుడు లేపింది నువ్వే కదా.” నవ్వుతూనే అన్నాడు. వాడికి నొప్పించాలని లేదు.

మామ నోరు తెరిచాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. నిజం చెబితే వాడు ఆగేవాడు. ఇది నా కళ్ళ మాట కాదురా, చూపున్నవాళ్ళు చూసిన మాట అంటే ఆగేవాడు. మాట గొంతు దాకా వచ్చింది. కిందిదిబ్బ పడవాయన పక్కనే ఉన్నాడు, ఇంకా నలుగురున్నారు. మామ నోరు మూసుకున్నాడు.

నేనే అన్నాను. “గిలకా, నేనూ చూశాను. లేచింది.”

వాడు పడవలోనే కడుపు పట్టుకుని నవ్వాడు. “బావా, నీకు చుక్కకీ మిణుగురుకీ తేడా తెలుసా? నువ్వూ సాక్షివే!”

“అయితే నేనూ వస్తా.”

“నీ బరువుకి పది కాయలు పడతాయి. కూర్చో బావా, మా నాన్నకి కబుర్లు చెప్పు.” తన జోకుకి తనే మళ్ళీ నవ్వాడు, నేను కబుర్లు చెప్పడమేమిటని. లాంతరు ఎత్తి చూపించాడు. “చీకటి పడితే ఇది ముక్కుకి కడతా. నాన్నా, నువ్వు దీన్ని చూస్తూ ఉండు. నీ చుక్కలకంటే ఇదే నయం, పిలిస్తే ఇంటికొస్తుంది.”

గడ వేసి నెట్టాడు. పడవ అద్దం మీద జారినట్టు పోయింది. మామ “చూస్తూ ఉంటా” అన్నాడు. వాడికి వినపడేంత గట్టిగా అనలేదు.

మొదట వాసన వచ్చింది. తడిసిన మట్టి వాసన, మా మీద చుక్క వాన లేకుండానే. తర్వాత నురగ, చిన్న చిన్న ముద్దలు, ఎవరో ఎగువన బట్టలుతుకుతున్నట్టు. పుల్లలు, ఆకులు. పడవాయన చుట్ట పారేసి లేచాడు. నీళ్ళ రంగు మారింది. రేవులో కింది మెట్టు ఉంది. చూస్తుండగానే లేదు.

“కొత్తనీరు!” ఎవరో అరిచారు.

అప్పుడు చప్పుడు వచ్చింది. ఎత్తు మీది గనిలో రాళ్ళు దొర్లినప్పుడు వచ్చే చప్పుడు నాకు తెలుసు. ఇది దానికంటే మెత్తగా ఉంది, కానీ ఆగదు. జనం పేర్లు పెట్టి పిలుచుకుంటూ పడవలు పైకి లాగుతున్నారు. అత్త, మా ఆవిడ పరుగెత్తుకొచ్చారు. అత్త కొడుకుని కేకేసింది. ఏరు ఆ కేకని ఒడ్డు దాటనివ్వలేదు.

పొద్దుగూకింది. దుమ్ము, నీటి తుంపర కలిసి అవతల అంతా మసక. దిబ్బ ఎక్కడ మొదలై నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో తెలియడం లేదు. మామ నా పక్కకి వచ్చి చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

“లాంతరు కనపడుతోందా?”

చూశాను. కళ్ళు మండేదాకా చూశాను. అప్పుడు కనపడింది. దిబ్బ ఉండాల్సిన చోట, నీళ్ళ మీది మసకలో, ఎర్రగా, ఒక్కటే ఒక్క దీపం.

చెయ్యి నొక్కాను.

ఆయన ఒళ్ళంతా వదులైంది. “చూశావా” అన్నాడు అత్తతో. “వస్తున్నాడు. అల్లుడు చూశాడు.” అత్త అక్కడే కూలబడి ఏడ్చింది. మా ఆవిడ కూడా చూసి “అదిగో, అదిగో” అంది. పడవాయన సిగ్గుపడ్డట్టు, “వస్తాడమ్మా, వాడు చేపపిల్ల” అన్నాడు. అందరం ఆ దీపం వంకే చూస్తూ నిలబడ్డాం.

మామ మాత్రం కాసేపటికి అడిగాడు. “ఎర్రగా ఉందా?”

“ఎర్రగానే ఉంది.”

“కదులుతోందా?”

“నెమ్మదిగా.”

“ఇటా?”

నేను సరిగా చూశాను. మొదట చూసినప్పుడు రేవు గుంజ కొనకి ఆనుకుని ఉంది. ఇప్పుడు గుంజకి పైన ఉంది.

మామ చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. “చెప్పు. ఇటొస్తోందా, పైకి పోతోందా?”

దీపం ఇంకాస్త పైకి వెళ్ళింది. మసక దాటేసరికి దానికి ఇటూ అటూ రెండు చిన్నవి బయటపడ్డాయి. నీళ్ళ మీద వచ్చే దీపం పైకెక్కదు.

“ఇది దాని వేళ” అన్నాడు మామ. ఎవరికీ వినపడకుండా, నాకొక్కడికే. “తేలు గుండె అది, అల్లుడూ. మన లాంతరు కాదు.”

అత్త ఇంకా దానివంకే చూస్తూ దండం పెడుతోంది. మామ నా చెయ్యి వదల్లేదు, ఆమెకి చెప్పనూ లేదు. అది అలా పైకి పోయి పోయి, ఎవరూ దీపమని అనుకోలేనంత ఎత్తుకి వెళ్ళాక, ఆమెకే తెలిసింది.

తాళ్ళు, లాంతర్లు తీసుకుని మగవాళ్ళం ఒడ్డు వెంట దిగువకి నడిచాం. కిందిదిబ్బ పడవాయన అందరికంటే ముందు నడిచాడు. తుమ్మ చెట్ల మలుపు దగ్గర పడవ దొరికింది, బోర్లాపడి, కొమ్మలకి చిక్కుకుని. దాని చుట్టూ పుచ్చకాయలు తేలుతూ కొమ్మలకి తగిలి చప్పుడు చేస్తున్నాయి. పడవ ముక్కుకి లాంతరు కట్టే ఉంది. ముడి గట్టిగా ఉంది. వెలిగించిన మసి లేదు. చీకటి పడేదాకా వాడికి సమయం దొరకలేదు.

ఆ తర్వాత కూడా ఏరు వాణ్ణి ఇవ్వలేదు.

నేను ఇంటికి వచ్చేసరికి ఇంకా తెల్లవారలేదు. సందులో ఎవరూ లేరు. తలుపు తీసే ఉంది. అత్త గోడకి చేరగిలబడి ఉంది, మా ఆవిడ ఆమె ఒళ్ళో తల పెట్టుకుని కళ్ళు తెరుచుకునే పడుకుంది. మామ తన మంచం మీద కూర్చుని ఉన్నాడు, ముఖం పడమటి గోడకి. గోడ మీద ఏమీ లేదు. ఆయన వీపు వెనక కిటికీలో కోడి పిల్లలతో పైకొచ్చి ఉంది.

నేను తాడు గుమ్మంలో పెట్టి, ముందు మా మంచం తిప్పాను. తలగడ పడమటికి, లేచి కూర్చుంటే ముఖం తూర్పుకి. తర్వాత అత్తది. మామ దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే లేచి పక్కన నిలబడ్డాడు. ఆయనదీ తిప్పాను. తడుముకుంటూ వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

గిలక మంచం గోడవార నిలబెట్టి ఉంది. దాన్ని దింపి, ఇద్దరం కలిసి దాన్నీ అలాగే ముఖం తూర్పుకి ఉండేలా వేశాం. ఒక కోడు నేలకి ఆనలేదు. కింద రాతి ముక్క పెట్టి సరిచేశాను.